పొగ ఎప్పుడు వస్తోందో చూడు, ఇంజన్ దించే సంగతి తర్వాత

ప్రశ్న: అన్నా, మాది ఒడిశా కొరాపుట్ జిల్లా జైపూర్. పాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కొన్నాను, 1.8 లీటర్ల టర్బో పెట్రోల్. ఇంజన్ మొత్తం విశాఖలో రీబిల్డ్ చేయించాను. బ్లాక్‌లోని సిలిండర్లని అర మిల్లీమీటరు పెద్దవి చేసి (ఓవర్‌సైజ్ బోరింగ్) ఫోర్జ్‌డ్ పిస్టన్లు, అంటే లోహాన్ని గట్టిగా నొక్కి చేసినవి, వాటికి కొత్త రింగులు వేశారు. సిలిండర్ల పైన వాల్వులుండే హెడ్‌లో, ఆయిల్ కిందికి జారకుండా ఆపే వాల్వ్ సీల్స్ కొత్తవి, వాల్వ్ కాడలు ఆడే గొట్టాలు (గైడ్లు) పాతవే. ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బో కూడా పాతదే, కడిగి బిగించారు. ఇప్పటికి 800 కిలోమీటర్లు తిరిగింది, అర లీటరు ఆయిల్ తినేసింది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలంగా పొగ కొట్టి, తర్వాత ఐదు నిమిషాలు తెల్లగా వస్తుంది. కొరాపుట్ నుంచి ఘాట్ దిగి కింద యాక్సిలరేటర్ తొక్కితే వెనకాల బండ్లు కనపడనంత పొగ. రైల్వే గేటు దగ్గర ఇంజన్ ఆన్‌లో పెట్టి కాసేపు ఆగినా అంతే. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ఏమీ లేదు. కూలెంట్ తగ్గడం లేదు. పొల్యూషన్ టెస్ట్ పాసైంది. చేసిన మెకానిక్ ‘రెండు వేల కిలోమీటర్లు మెల్లగా నడుపు, రింగులు సెట్ అవుతాయి’ అంటున్నాడు. ఇక్కడి మెకానిక్ ‘బోరింగ్ తప్పింది, మళ్లీ ఇంజన్ దించాలి, అంతవరకు 20డబ్ల్యు50 అనే చిక్కటి ఆయిల్ పోసుకో’ అంటున్నాడు. ఎవరి మాట వినాలి? పెట్టిన డబ్బు తలుచుకుంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: తమ్ముడూ, ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టు. ఇంజన్ దించొద్దు. రెండు వేల కిలోమీటర్లు ఆగనూ వద్దు. నీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. పొగ ఏ రంగులో ఉందో అందరూ చెబుతారు. నువ్వు అది ఎప్పుడెప్పుడు వస్తోందో, ఎప్పుడు రావడం లేదో కూడా రాశావు. రీబిల్డ్ చేసిన ఇంజన్‌లో లోపం దొరికేది ఎక్కువగా అక్కడే.

ముందు తెల్ల పొగ. అది పొగ కాదు, ఆవిరి. పెట్రోలు మండితే నీళ్లు పుడతాయి. చల్లటి సైలెన్సర్‌లో ఆ నీటి ఆవిరి చల్లబడి తెల్లగా కనిపిస్తుంది. మీ కొండల మీద చలికాలం పొద్దున ఏ కారు స్టార్ట్ చేసినా ఇదే కథ. సైలెన్సర్ వేడెక్కాక ఆగిపోతోంది, కూలెంట్ తగ్గడం లేదు, కాబట్టి హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ మీద నాకు అనుమానం లేదు. గాస్కెట్ పోయి కూలెంట్ కాలుతుంటే ఆ తెలుపు ఇంజన్ వేడెక్కినా ఆగదు, గాలిలో చాలాసేపు తేలుతుంది, తియ్యటి వాసన వస్తుంది. రిజర్వాయర్‌లో బుడగలు కూడా చూడొచ్చు. మనశ్శాంతి కోసం ఒక పరీక్ష చేయించుకో. రిజర్వాయర్ మూతి దగ్గరి గాలిని ఒక నీలం ద్రవం గుండా లాగుతారు. మండిన గ్యాస్ అందులో కలిస్తే ద్రవం పసుపు రంగుకి మారుతుంది. హెడ్ ముట్టుకోకుండా తేలిపోయే విషయం.

పొల్యూషన్ టెస్ట్ పాసైందన్నావు, సంతోషం. కానీ పెట్రోలు బండికి వాళ్లు ఇంజన్ ఐడ్లింగ్‌లో పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఎంతున్నాయో చూస్తారు. ఘాట్ దిగాక వచ్చే పొగ ఆ మెషీన్‌కి తెలియదు. ఆ సర్టిఫికెట్‌ని ఇంజన్ ఆరోగ్యానికి సాక్ష్యంగా తీసుకోకు.

ఇప్పుడు అసలైన నీలం పొగ. నీలమంటే ఆయిల్ కాలుతోందని అర్థం, అందులో అనుమానం లేదు. ఆ ఆయిల్ ఏ దారిన వస్తోందన్నదే తేలాలి. దారులు ముఖ్యంగా నాలుగు: రింగుల పక్కనుంచి పైకి, వాల్వ్ గైడ్ల వెంబడి కిందికి, టర్బో లోంచి, ఇంజన్ లోపలి గ్యాస్‌ని బయటికి వదిలే బ్రీదర్ గొట్టాల లోంచి. రింగులు సరిగ్గా పట్టకపోతే ఇంజన్ మీద లోడ్ పడినప్పుడు మండిన గ్యాస్ కిందికి జారుతుంది, పిస్టన్ల కింద ఉండే ఇంజన్ కేసులో (క్రాంక్‌కేస్) ఒత్తిడి పెరుగుతుంది, పొగ ఎక్కువవుతుంది. నువ్వేమో ఘాట్ ఎక్కేటప్పుడు, అంటే లోడ్ బాగా ఉన్నప్పుడే, పొగ లేదంటున్నావు. ‘బోరింగ్ తప్పింది’ అనే మాటని వెంటనే ఒప్పుకోలేకపోవడానికి నాకున్న మొదటి కారణం ఇది.

ఘాట్ దిగేటప్పుడు ఏం జరుగుతుందో చూడు. గేర్‌లో ఉంచి, కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేసి కిలోమీటర్ల కొద్దీ దిగుతావు. త్రోటిల్ మూసుకుని ఉంటుంది, పిస్టన్లు మాత్రం కిందికి లాగుతూనే ఉంటాయి. సిలిండర్లకి గాలి తెచ్చే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గట్టి వాక్యూమ్ ఏర్పడుతుంది. ఇన్‌టేక్ వాల్వ్ కాడకి, గైడ్‌కి మధ్య సందు ఉంటే, లేదా పైనున్న సీల్ చిరిగి ఉంటే, ఆ వాక్యూమ్ హెడ్ మీది ఆయిల్‌ని కిందికి పీల్చేస్తుంది. దిగినంతసేపూ అది చేరుతుంది, కింద యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్కసారి కాలి బయటికి వస్తుంది. రాత్రంతా బండి నిలబడితే సీల్స్ దగ్గర నిలిచిన ఆయిల్ బొట్టు బొట్టుగా జారుతుంది, పొద్దున స్టార్ట్ చేయగానే కనిపించే ఆ ఒక్క నీలం పొగ అదే. విశాఖలో చదును రోడ్ల మీద టెస్ట్ డ్రైవ్ చేసినప్పుడు ఇది బయటపడి ఉండదు. మీ కొరాపుట్-జైపూర్ ఘాట్, సుంకి ఘాట్ వాల్వ్ సీల్స్‌కి ఏ వర్క్‌షాప్‌లోనూ దొరకనంత మంచి పరీక్ష.

నీ ఇంజన్‌లో సిలిండర్‌కి ఐదు వాల్వులు, మొత్తం ఇరవై. అంటే ఇరవై సీల్స్. కొత్త సీల్ తొడిగేటప్పుడు వాల్వ్ కాడ చివరన ఉండే కాటర్ (స్ప్రింగ్‌ని పట్టి ఉంచే చిన్న ముక్క) గాడి అంచు పదునుగా ఉంటుంది. సీల్స్ సెట్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ తొడుగు కాడ మీద పెట్టి, దాని మీదుగా జార్చాలి. ఆ తొడుగు పారేసి నేరుగా నొక్కేసేవాళ్లు చాలామంది. సీల్ పెదవి కొద్దిగా తెగుతుంది, పైకి కనిపించదు. పైగా గైడ్లు పాతవే అన్నావు. గైడ్ అరిగి వాల్వ్ పక్కలకి ఊగుతుంటే ఎంత మంచి సీల్ అయినా ఎక్కువ కాలం ఆగదు. హెడ్ విప్పినప్పుడు వాల్వ్ ఊగుడు డయల్ గేజ్‌తో కొలిచారా అని విశాఖ మెకానిక్‌ని అడుగు. ‘చేత్తో చూశాం, బాగానే ఉంది’ అంటే కొలవలేదన్నమాట.

రైల్వే గేటు దగ్గరి పొగ మాత్రం నన్ను టర్బో వైపు లాగుతోంది, ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు. టర్బోలో ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని రెండు చివర్లా ఉండేవి రబ్బరు సీల్స్ కావు, పిస్టన్ రింగుల్లాంటి సన్నని లోహపు రింగులు. అవి ఆయిల్‌ని పూర్తిగా ఆపలేవు, ఆయిల్ అక్కడ నిలవకుండా ఉంటేనే పని చేస్తాయి. పంపు ఒత్తిడితో ఆయిల్ పైనుంచి లోపలికి వస్తుంది, కిందికి మాత్రం తన బరువుతోనే జారి, ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌లో పడాలి. ఆ కింది డ్రెయిన్ పైపులో అడ్డం వచ్చినా, పైపు వంగినా, ఇంజన్ కేసులో ఒత్తిడి పెరిగినా, ఆయిల్ టర్బో నడుమ నిండి టర్బైన్ (ఎగ్జాస్ట్) వైపుకి కారుతుంది. ఇంజన్ గట్టిగా పనిచేసేటప్పుడు రింగుల అవతల ఉన్న గ్యాస్ ఒత్తిడి దాన్ని కొంత ఆపుతుంది. ఐడ్లింగ్‌లో ఆ ఒత్తిడి ఉండదు. అందుకే గేటు దగ్గర నిలబడి కదిలితే మేఘం.

రీబిల్డ్ తర్వాత డ్రెయిన్ ఎందుకు మూసుకుంటుంది? చాలాసార్లు సిలికాన్ పేస్ట్ వల్ల. గాస్కెట్ పెట్టాల్సిన చోట పేస్ట్ దట్టంగా పూసి బిగిస్తే, మిగిలింది లోపలికి ఉబికి దారికి అడ్డం పడుతుంది. కొందరు గాస్కెట్ మీదే పేస్ట్ కూడా పూస్తారు, రెట్టింపు భద్రత అనుకుని. మీ ఊరి మెకానిక్ 20డబ్ల్యు50 పోయమన్నాడు చూడు, ఆ చిక్కటి ఆయిల్ ఇలాంటి చోట ఇంకా మెల్లగా జారుతుంది. కొన్నాళ్లు పొగ తగ్గినట్టు కనిపిస్తే అసలు లోపం దాగిపోతుంది, అంతే. పోయొద్దు. పొగ ఆపుతామని డబ్బాల్లో అమ్మే మందులూ వద్దు.

మరి సీల్సా, టర్బోనా? దీనికి తీర్పు చెప్పేవి స్పార్క్ ప్లగ్గులు. బండిని ఘాట్ దింపి, కింద ఇంజన్ ఆపేసి, చల్లారాక నాలుగు ప్లగ్గులూ తియ్యి. ఏది ఏ సిలిండర్‌దో గుర్తుపెట్టు, వరస కలిసిపోతే తీసి లాభం లేదు. ఒకటో రెండో ప్లగ్గులు నల్లగా, జిడ్డుగా ఉండి మిగతావి శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్ల వాల్వ్ సీల్స్, గైడ్లు, లేదా అక్కడి ఆయిల్ రింగు. నాలుగూ ఒకేలా జిడ్డుగా ఉంటే ఆయిల్ గాలితోపాటు ముందునుంచే వస్తోంది, అంటే టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ వైపు లేదా బ్రీదర్. నాలుగూ పొడిగా, లేత గోధుమ రంగులో ఉండి పొగ మాత్రం దండిగా వస్తుంటే ఆయిల్ సిలిండర్ల లోంచి రావడం లేదు, తర్వాత కలుస్తోంది. టర్బైన్ వైపు లీకు అదే. అప్పుడు టర్బో తర్వాతి ఎగ్జాస్ట్ పైపు విప్పి చూస్తే లోపల తడి కనిపించాలి.

ప్లగ్గులు తీసినప్పుడే ఫోన్‌కి తగిలించుకునే బోరోస్కోప్ కెమెరా లోపలికి దింపు. ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది, ఇంజన్ దించే కూలితో పోలిస్తే అది ఖర్చే కాదు. పిస్టన్ తల చూడు. అంచు చుట్టూ మసి కడిగేసినట్టు మెరుస్తుంటే ఆయిల్ రింగుల దగ్గర్నుంచి పైకి వస్తోంది. గోడల మీద హోనింగ్ గీతలు, ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే ఆ సన్నని గీతలు, ఇంకా కనిపించాలి. 800 కిలోమీటర్లకే గోడ అద్దంలా మెరుస్తుంటే గ్లేజ్ అయిందని, అంటే రింగులు పట్టనంత నునుపెక్కిందని అర్థం. ఇన్‌టేక్ పైపు విప్పి వాల్వుల వెనకవైపు కూడా చూడగలిగితే ఇంకా మంచిది. ఒకటి రెండు సిలిండర్ల దగ్గరే తడి ఆయిల్ ఉంటే లోపం గైడ్లలోనో సీల్స్‌లోనో ఉందని గట్టిగా అనుమానించొచ్చు.

సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూసే కంప్రెషన్ టెస్ట్ కూడా చేయించు, కానీ దాన్నుంచి ఎంత తెలుస్తుందో, ఎంత తెలియదో గుర్తుంచుకో. ఇంజన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసి ఉండాలి, పెట్రోలు పంపు, ఇగ్నిషన్ ఆపేయాలి, త్రోటిల్ పూర్తిగా తెరవాలి, బ్యాటరీ గట్టిగా ఉండాలి. అంకె కన్నా నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. మీ ప్రాంతంలో ఇంకో మెలిక ఉంది. కొరాపుట్ ఊరు సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి ఒత్తిడి సముద్ర తీరం కన్నా దాదాపు పదో వంతు తక్కువ. విశాఖలో వచ్చిన అంకె కొరాపుట్‌లో రాదు. అది చూసి ‘కంప్రెషన్ పడిపోయింది’ అని ఎవరైనా అంటే కంగారు పడకు. ఒక సిలిండర్ తక్కువగా ఉంటే ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. అయితే కంప్రెషన్ నిలబెట్టేవి పై రెండు రింగులు. ఆయిల్ గీకేది ముఖ్యంగా మూడోది. ఆ మూడోది పాడైనా కంప్రెషన్ చక్కగానే రావచ్చు. ‘కంప్రెషన్ బాగుంది కాబట్టి రింగులు బాగున్నాయి’ అనడం సగం నిజమే.

రింగుల్లో జరిగే పొరపాట్లు రెండున్నాయి, అడిగి తెలుసుకో. రెండో రింగుకి పైభాగం గుర్తు ఉంటుంది. అది తలకిందులుగా పడితే ఆయిల్‌ని కిందికి గీకాల్సింది పైకి తోస్తుంది. మూడు ముక్కల ఆయిల్ రింగులో మధ్యనుండే స్ప్రింగ్ చివరలు ఎదురెదురుగా ఆనాలి, ఒకదాని మీదొకటి ఎక్కకూడదు. ఈ రెండింట్లో ఏది జరిగినా మొదటి రోజు నుంచే, ఘాట్ ఎక్కినా దిగినా, పొగ వదలదు. నీ బండి లక్షణం అది కాదు.

ఫోర్జ్‌డ్ పిస్టన్ల సంగతి ఉత్తరంలో ఒక్క ముక్కలో వదిలేశావు. అవి మామూలు పిస్టన్ల కన్నా వేడికి ఎక్కువ వ్యాకోచిస్తాయి, అందుకే గోడకీ పిస్టన్‌కీ మధ్య ఎక్కువ సందు అడుగుతాయి. పొద్దున కాసేపు టకటకమని చప్పుడు వచ్చి వేడెక్కాక ఆగితే భయపడకు. కానీ ఎంత సందు ఇవ్వాలో పిస్టన్ల పెట్టెలో వచ్చే కాగితం మీద ఉంటుంది. బోరింగ్ షాపువాళ్లు ఆ కాగితం చూసి చేశారా, చేతికి అలవాటైన లెక్కతో చేశారా? నాలుగు సిలిండర్ల కొలతలు, ప్రతిదాన్నీ పైన, మధ్య, కింద, రెండు దిశల్లో కొలిచి, రాసి ఇవ్వమను. టర్బో ఇంజన్ కాబట్టి రింగు చివరల గ్యాప్ ఎంత ఉంచారో కూడా రాయించు. వేడికి గ్యాప్ పూర్తిగా మూసుకుంటే చివరలు ఒకదానికొకటి తగులుతాయి, పిస్టన్ అంచు విరుగుతుంది. ఈ అంకెలు అర్థం చేసుకునేవాళ్లు నీకు దూరంగా లేరు. సునాబెడాలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) విమాన ఇంజన్ల విభాగం ఉంది కదా, అక్కడ పనిచేసిన పెద్దలెవరైనా తెలిస్తే ఆ కాగితం చూపించు. సిలిండర్ లోపలి కొలత తీసే బోర్ గేజ్ పట్టడం వచ్చినవాళ్ల మాట నాకు గురి.

బ్రీదర్ గురించి క్లుప్తంగా. బ్లాక్ నుంచి, వాల్వ్ కవర్ నుంచి వచ్చే గొట్టాలు టర్బో ముందరి గాలి పైపులో కలుస్తాయి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వెళ్లే పాయలో గాలిని ఒకవైపే వదిలే చిన్న వాల్వ్ ఉంటుంది. రెండు దశాబ్దాల రబ్బరు లోపల ఉబ్బి మూసుకుపోతుంది, చీలిపోతుంది. వాల్వ్ ఇరుక్కుంటే టర్బో ఒత్తిడి నేరుగా ఇంజన్ కేసులోకి పోతుంది. నోటితో ఊదితే ఒకవైపు గాలి పోవాలి, రెండోవైపు పోకూడదు. ఈ సెట్ మొత్తం కొత్తది వేయించు, అనుమానం ఉన్నా లేకపోయినా. కేసులో ఒత్తిడి ఉంటే కొత్త టర్బో తెచ్చి పెట్టినా పొగ కొడుతుంది.

టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కడిగించావా? రాయలేదు. పాత ఇంజన్ ఆయిల్ తినే ఇంజనే అయితే ఇంటర్‌కూలర్‌లో, పైపుల్లో, సైలెన్సర్‌లో పాత ఆయిల్ నిలిచి ఉంటుంది, కొత్త ఇంజన్ దాన్ని కొంతకాలం కాలుస్తూనే ఉంటుంది. పైపులు విప్పి, ఇంటర్‌కూలర్ తలకిందులు చేసి కార్చి, కడిగి, పూర్తిగా ఆరాక బిగించు. బిగించేటప్పుడు ప్రతి క్లాంప్ చూడు. ఒక్కటి వదులైనా, కొలిచి వదిలిన గాలి బయటికి పోయి మిశ్రమంలో పెట్రోలు ఎక్కువవుతుంది, నల్ల పొగ వస్తుంది. ఆ పెట్రోలు గోడల మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది, రింగులు సెట్ కావు.

ఇక ‘మెల్లగా నడుపు’ అన్న సలహా. ఇది చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు, కానీ నేను ఒప్పుకోను. పై రింగుని గోడకి నొక్కేది దాని సొంత బిగువు కొంతే. ఎక్కువగా నొక్కేది దాని వెనక్కి చేరే మండిన గ్యాస్. లోడ్ లేకుండా నడిపితే ఆ ఒత్తిడి రాదు, రింగు గోడకి పట్టదు, గోడ మెరుగెక్కిపోతుంది. ఆయిల్ ప్రెషర్, ఉష్ణోగ్రత సరిగ్గా ఉన్నాయని తేలాక, ఇంజన్ బాగా వేడెక్కాక, మూడో నాలుగో గేర్‌లో 2000 ఆర్‌పీఎం నుంచి 4000 దాకా సగం పైగా యాక్సిలరేటర్‌తో లాగి, మళ్లీ కాలు తీసి గేర్‌లోనే మెల్లగా తగ్గనివ్వు. ఇలా కొన్నిసార్లు చెయ్యి, ఒకే వేగంలో గంటల తరబడి పోవద్దు. పెద్ద గేర్‌లో తక్కువ ఆర్‌పీఎంలో గునుస్తూ ఎక్కించవద్దు, అది బేరింగులకి చేటు. నువ్వు ఇప్పటికే ఘాట్ ఎక్కుతున్నావు కాబట్టి రింగులకి కొంత లోడ్ అందే ఉంటుంది, అందుకే నాకు వాటి మీద ఇంకా ఆశ ఉంది.

మొదట సింథటిక్ ఆయిల్ పోసి ఉంటే ఇప్పుడే దించేసి, మామూలు మినరల్ ఆయిల్ తగిన గ్రేడ్‌లో పోసి, రన్నింగ్-ఇన్ అయ్యాక సింథటిక్‌కి మారు. డిప్‌స్టిక్ పై గీత దాటకూడదు, ఎక్కువ పోసినా పొగ కొడుతుంది. తీసిన ఫిల్టర్‌ని కోసి లోపలి కాగితం విప్పి చూడు. హ్యాక్సా బ్లేడుతో కోయవద్దు, దాని రజను కలిసి నిన్నే భయపెడుతుంది. ఫిల్టర్ కట్టర్ వాడు. కాగితం మీద సన్నటి బూడిద రంగు మెరుపు కొత్త ఇంజన్‌లో మామూలే, రేకుల్లాంటి ముక్కలు కనిపిస్తే మాత్రం బండి అక్కడే ఆపెయ్యి. ఏదేమైనా పొగ ఎక్కువ రోజులు సాగనివ్వకు, కాలిన ఆయిల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌నీ ఆక్సిజన్ సెన్సర్‌నీ పాడు చేస్తుంది.

ప్లగ్గులు సీల్స్ వైపు చూపిస్తే, అప్పుడు కూడా హెడ్ దించనక్కర్లేదు. పిస్టన్‌ని పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఒత్తిడి పెట్టి వాల్వులు కిందికి జారకుండా పట్టుకుని, సీల్స్ పైనుంచే మార్చవచ్చు. టైమింగ్ బెల్టు, క్యామ్‌షాఫ్టులు తీయాలి కాబట్టి ఈ ఇంజన్ తెలిసినవాడి చేతే చేయించు, బెల్టు పళ్లు తప్పితే వాల్వులు పిస్టన్‌కి తగలొచ్చు. స్ప్రింగులు తీసినప్పుడు ప్రతి వాల్వునీ పక్కలకి ఊపి చూడమను. బాగా ఊగుతుంటే సీల్స్ మార్చి సరిపెట్టుకోవద్దు, అప్పుడు హెడ్ దించి గైడ్లు వేయించడమే దారి. ఆ పని విశాఖలో చేసినవాళ్లదే బాధ్యత. ప్లగ్గుల ఫోటోలు, బోరోస్కోప్ వీడియో, తేదీలతో ఆయిల్ లెక్క తీసుకుని వెళ్లి మర్యాదగా మాట్లాడు. ‘పొగ వస్తోంది’ అంటే వాదన పెరుగుతుంది, ‘రెండో సిలిండర్ ఇన్‌టేక్ వాల్వ్ వెనక ఆయిల్ ఉంది’ అంటే పని మొదలవుతుంది.

ముందుగా మాత్రం టర్బో డ్రెయిన్ చూడు, కిందనుంచి రెండు చివరలా విప్పితే చేతికొచ్చే పైపు అది. రెండు కొత్త గాస్కెట్లు తెప్పించుకున్నాకే విప్పు, లేకపోతే మళ్లీ సిలికాన్ పేస్టే దిక్కవుతుంది. పైపు తీశాక ఫ్లాంజ్ రంధ్రాల అంచుల్లో పేస్ట్ మిగులు ఉందేమో వేలు పెట్టి తడుము, ఉంటే లోపల పడకుండా తీసెయ్యి. పైపులోంచి వెలుతురు కనిపించాలి. బిగించి, ఆయిల్ లెవెల్ చూసి, మళ్లీ అదే గేటు దగ్గర అంతసేపే ఆన్‌లో ఉంచి చూడు. పొగ వచ్చినా రాకపోయినా, ప్లగ్గుల ఫోటోలతో నాకు రాయి.